లారీ నిండా పచ్చిక

"ఏవండీ, ఇదేంటండీ?"

"గడ్డేనండీ."

"గడ్డేనని కనిపిస్తోంది లెండి. ఇంత గడ్డేంటని అడుగుతున్నాను."

"మీరు చెప్పినంతేనండీ. ఒక్క అడుగు ఎక్కువా లేదు, తక్కువా లేదు."

రామచంద్రపురంలో డాక్టర్ సత్యకుమారి గారి కొత్త ఇంటి గేటుకి అడ్డంగా ఆగి ఉంది లారీ. చాపల్లా చుట్టిన లాన్ గడ్డి దాని నిండా పేర్చి ఉంది. కేబిన్ మెట్టు మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది. పసుపురంగు చుడీదారు, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి, చేతిలో కొడవలి. కింద బైకు మీద ఒక కాలు నేలకి ఆనించి, చంకలో చుట్టిన డ్రాయింగుతో దుర్గాసాయి.

రెండువేల మూడో సంవత్సరం, జూలై నెల. అప్పుడే ఒక జల్లు పడి వెలిసింది.

దుర్గాసాయి రాజమండ్రి దానవాయిపేటలో వీరబ్రహ్మం గారి డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నాడు. ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాను గీయడంలో తనని మించినవాళ్ళు రెండు గోదావరి జిల్లాల్లోనూ లేరని అతని నమ్మకం. ఆ నమ్మకం అతని నడకలో కూడా కనిపించేది. డాక్టర్ గారి ఇంటితో పాటు ముందున్న తోట కూడా అతనే గీశాడు. తోటకి కావలసిన మొక్కలూ గడ్డీ కడియం నర్సరీకి ఫోన్ చేసి చెప్పిందీ అతనే. ఆ ఫోన్ ఎత్తిన గొంతు ఈ అమ్మాయిదే. పేరు సూర్యకళ. నర్సరీ ఓనరు బంగార్రాజు గారి ఒక్కగానొక్క కూతురు.

"చూడండీ, ఈ జాగాకి ఇంత గడ్డి ఎలా పడుతుంది? ఎక్కువ అమ్ముకుందామని..." అంటూ దుర్గాసాయి సగంలో ఆగాడు. ఆ అమ్మాయి మెట్టు దిగి వస్తోంది.

"ఎక్కువ అమ్ముకుందామని?"

"అదే... పొరపాటున..."

"నాలుగు వేల చదరపు అడుగులని మీరే అన్నారు. నాకు అనుమానమొచ్చి, ఇంటి ముందుకి నాలుగు వేలేంటండీ అని మళ్ళీ అడిగాను. మీరేమన్నారో గుర్తుందా?"

దుర్గాసాయికి గుర్తుంది. 'కంప్యూటర్ చెప్పిన లెక్కండీ, మనం చేసింది కాదు' అని నవ్వాడు. ఆ నవ్వు కూడా గుర్తుంది.

అతను బైకు సీటు మీద డ్రాయింగు పరిచాడు. లాను పొడవు యాభై అడుగులు, వెడల్పు ఇరవై. వెయ్యి చదరపు అడుగులు. చిన్నపిల్లలు చేసే గుణకారం. మరి నాలుగు వేలు ఎక్కడినుంచి వచ్చింది?

ఆలోచిస్తుంటే వారం కిందటి సంగతి మెదిలింది. డాక్టర్ గారు ఆఫీసుకి వచ్చి, "బాబూ, బొమ్మ మరీ చిన్నగా ఉందయ్యా, నా కళ్ళకి ఆనట్లేదు. కాస్త పెద్దది చేసి ఇవ్వు" అన్నారు. ప్రింటు తీసేటప్పుడు పెద్దది చేసి ఉంటే సరిపోయేది. తొందరలో బొమ్మనంతా సెలెక్ట్ చేసి, స్కేల్ కమాండ్ ఇచ్చి, రెండు అని కొట్టి ఎంటర్ నొక్కాడు. బొమ్మ రెండింతలైంది. కొలతల అంకెలు చేత్తో టైపు చేసినవి కాబట్టి అవి మాత్రం మారలేదు. డాక్టర్ గారు సంతోషంగా కాగితం పట్టుకెళ్ళారు. మర్నాడు అదే ఫైలు తెరిచి లాను వైశాల్యం ఎంతని కంప్యూటర్‌ని అడిగాడు. పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు. పాపం అది నిజమే చెప్పింది. నాలుగు వేలు.

అతను డ్రాయింగు చుట్టేశాడు.

ఇంతలో డాక్టర్ సత్యకుమారి గారు గేటు తీసుకుని బయటికి వచ్చారు. "ఏంటమ్మా, ఎందుకు అరుచుకుంటున్నారు? నర్సరీ వాళ్ళేమైనా తేడా చేశారా బాబూ?"

సూర్యకళ నోరు తెరవబోయింది.

"వాళ్ళ తప్పేమీ లేదండీ," అన్నాడు దుర్గాసాయి. "తప్పు పూర్తిగా నాది. బొమ్మ పెద్దది చేశాక, పెద్దదైన బొమ్మ మీద కొలత తీశాను. వెయ్యి కావలసిన చోట నాలుగు వేలు చెప్పాను. ఈవిడ మళ్ళీ అడిగారు కూడా. నేనే వినలేదు."

సూర్యకళ తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆమె నాలుగేళ్ళుగా నర్సరీ చూస్తోంది. ఇంజనీర్లనీ కాంట్రాక్టర్లనీ చాలామందిని చూసింది. తప్పు తనదని, అడక్కుండానే, డబ్బిచ్చే మనిషి ముందు చెప్పినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

డాక్టర్ గారు నవ్వేశారు. "నా కళ్ళ కోసం చేసిన పనన్నమాట! సరే, నాకు కావలసింది నేను తీసుకుంటాను. మిగతాది మాత్రం మీ ఇద్దరూ చూసుకోండి. వీరబ్రహ్మం గారికి నేను ఫోన్ చెయ్యను, నువ్వే చెప్పుకో."

కూలీలు డాక్టర్ గారి లాను పరిచి వెళ్ళిపోయారు. లారీలో మూడు వంతులు అలాగే మిగిలింది.

"వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ పరిచేసుకోవచ్చు కదండీ?" అని అడిగాడు దుర్గాసాయి.

"కోసిన మడిలో పొద్దున్నే కొత్త పిలకలు పెట్టించేశాం. ఖాళీ లేదు. చుట్టిన గడ్డి చుట్టినట్టే ఉంటే లోపల వేడెక్కిపోతుందండీ. రేపటికి పండుబారుతుంది, ఎల్లుండికి కుళ్ళుతుంది." సూర్యకళ ఒక చుట్టని అరచేత్తో తడిమింది. ఆ తడమడంలో జాలి ఉంది. "ఆరు నెలలు పెంచామండీ దీన్ని."

దుర్గాసాయి చేతి గడియారం చూసుకోలేదు, ఆకాశం చూశాడు. ఇంకా బోలెడు పొద్దుంది. "సాయంత్రంలోగా ఈ గడ్డంతా నేల మీదుంటుంది."

"ఎవరి నేల మీదండీ?"

"అది దారిలో ఆలోచిద్దాం. జరగండి."

బైకు డాక్టర్ గారి పోర్టికోలో పెట్టి లారీ ఎక్కేశాడు. డ్రైవర్ ఏసుపాదం పెద్దాయన. ఈ కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, "అమ్మాయిగారూ, ఈయన్ని మధ్యలో కూర్చోబెట్టండి. గేరు మార్చినప్పుడల్లా మోకాలికి తగుల్తుంది. చేసిన పనికి అదే శిక్ష," అన్నాడు.

సూర్యకళ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. పక్క అద్దంలో ఆ నవ్వు దుర్గాసాయికి కనిపించింది. మోకాలికి గేరు తగిలినా నొప్పి తెలియలేదు.

ముందు ద్రాక్షారామం రోడ్డులో ఒక రైసు మిల్లు దగ్గర ఆపించాడు. మిల్లు ఓనరుకి గెస్ట్ హౌస్ ఉందని అతనికి తెలుసు. ఐదు నిమిషాలు లాను గొప్పతనం గురించి ఇంగ్లీషు మాటలు కలిపి చెప్పాడు. ఆయన ఓపిగ్గా విని, "బాగానే ఉంది గానీ అబ్బాయ్, మా గేదెలు ఇంత పొట్టి గడ్డి తినవు," అన్నాడు.

లారీ ఎక్కాక సూర్యకళ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ఏసుపాదం కూడా స్టీరింగ్ మీద వాలి నవ్వాడు.

"నవ్వండి, నవ్వండి," అన్నాడు దుర్గాసాయి. "ఇందాకటి నుంచి కొరకొరా చూస్తున్నారు. దానికంటే ఇదే బాగుంది."

ఆమె ఠక్కున నవ్వు ఆపేసింది. బుగ్గలు మాత్రం ఆపలేకపోయాయి.

తర్వాతి మజిలీ ఏసుపాదమే చెప్పాడు. "మా ఊళ్ళో చర్చి ముందు జాగా అంతా బురదేనండీ. పెళ్ళిళ్ళప్పుడు ఆడవాళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని నడుస్తారు. పాస్టరు గారిని అడుగుదామా?"

పాస్టరు గారు మెత్తటి మనిషి. కోతకైన ఖర్చు ఇస్తే చాలని సూర్యకళ అనగానే సంఘపెద్దలతో మాట్లాడి సరేనన్నారు. సంఘంలో ఆడామగా పాతికమంది వచ్చి చేతులు వేశారు. దుర్గాసాయి ప్యాంటు మడిచి బురదలోకి దిగాడు. మొదట జాగా నాలుగువైపులా నడిచి, ప్రతి వైపూ రెండుసార్లు కొలిచాడు.

"ఏంటండీ, కంప్యూటర్ని అడగరా?" అంది సూర్యకళ.

"అది ఆఫీసులో ఉందండీ. ఇక్కడ మీరున్నారు."

ఆమె గడ్డి చుట్ట విప్పి నేలమీద పరుస్తూ, అతను రెండు చుట్టల మధ్య సందు వదిలేస్తుంటే చేత్తో దగ్గరికి నొక్కి చూపించింది. "ఇలా ఆనించాలి. సందు వదిలితే కలుపు మొలుస్తుంది."

"సందు వదలనండీ," అన్నాడతను బుద్ధిగా.

చర్చి ముందు పచ్చబడేసరికి లారీలో సగం కంటే కొంచెం తక్కువ మిగిలింది. లారీ యానాం దారి పట్టింది. యానాంలో గోదావరి ఒడ్డున ఒక లాడ్జి ప్లాను వీరబ్రహ్మం గారి ఆఫీసులోనే తయారైంది. ఆ ఓనరు దుర్గాసాయికి తెలుసు.

ఓనరు వరండాలో దిగాలుగా కూర్చుని ఉన్నాడు. "ఏం చెప్పమంటావయ్యా. చుట్టుపక్కల జిల్లాల నుంచి ఇక్కడికి తాగడానికే వస్తారు. తాగుతారు, పడుకుంటారు, పోతారు. గోదావరి ఎదురుగా పెట్టుకుని ఒక్క ఫ్యామిలీ కూడా దిగట్లేదు నా లాడ్జిలో."

"మరి ఫ్యామిలీ ఎక్కడ కూర్చోవాలండీ?" అన్నాడు దుర్గాసాయి. "ఎదురుగా గోదావరి ఉంది. మధ్యలో కంకర, ఖాళీ సీసాలు. ఇక్కడ లాన్ పరవండి. నాలుగు కుర్చీలు వేయించండి."

"చుట్టూ నందివర్ధనాలు పెడితే గాలికి ఇసుక లేవదండీ," అంది సూర్యకళ.

"సాయంత్రం లైట్లు..."

"పిల్లలకి ఒక ఊయల..."

"మొగవాళ్ళ టేబుళ్ళు వెనకవైపుకి మార్చేయండి..."

"ముందువైపు ఆడవాళ్ళు ధైర్యంగా కూర్చుంటారు."

ఒకరు వదిలిన మాటని ఇంకొకరు అందుకుంటున్నారు. ఓనరు తల ఇటూ అటూ తిప్పుతూ విన్నాడు. ఆయన మొహంలో దిగులు కొంచెం కొంచెంగా విడిపోయింది. "బాగా చెప్తున్నారే ఇద్దరూ! ఏమ్మా, ఈయన మీవారా?"

"కాదండీ!" అంది సూర్యకళ.

"ఇంకా కాదండీ," అన్నాడు దుర్గాసాయి.

రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి. ఓనరు గట్టిగా నవ్వి, లారీ లోపలికి తెమ్మన్నాడు.

ఆఖరి చుట్ట పరుస్తుండగా వాన అందుకుంది. గోదావరి మీదుగా తెల్లగా కదిలి వచ్చింది. లాడ్జి పనివాళ్ళు వరండాలోకి పరుగెత్తారు. సూర్యకళ మాత్రం కాసేపు వానలోనే నిలబడి, తడుస్తున్న పచ్చికని చూసింది. ఆ గడ్డికి కావలసింది అదే. తర్వాత నెమ్మదిగా వరండా ఎక్కి, జడ పిండుకుంటూ, అతని పక్కన నిలబడింది.

"ఇంకా అంటే ఏంటండీ?"

"ఏదండీ?"

"తెలియనట్టు అడక్కండి. ఇంకా కాదండీ అన్నారు. ఇంకా అంటే ఏంటి?"

దుర్గాసాయి వానలోకి చూశాడు. పొద్దుటినుంచి ఉన్న ధైర్యం ఒక్క క్షణం జారింది. అంతలోనే సర్దుకున్నాడు. "మళ్ళీ ఆదివారం కడియం వచ్చి చెప్తానండీ. ఇక్కడ చెప్తే మీ ఏసుపాదం గారు గేరు తీసి కొడతారు."

"రండి," అంది సూర్యకళ. "కొడవలి నా దగ్గర కూడా ఉంది."

మర్నాడు వీరబ్రహ్మం గారు అతన్ని గంటసేపు తిట్టి, చివర్లో లారీ ఎలా ఖాళీ చేశావని అడిగి, విన్నాక టీ తెప్పించారు. ఆదివారం దుర్గాసాయి కడియం వెళ్ళాడు. ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్ళాడు. చెప్తానన్నది చెప్పకుండా మొదటిసారి గులాబీ మొక్క కొన్నాడు. రెండోసారి మందారం. మూడోసారి వెళ్ళేసరికి బంగార్రాజు గారు కళ్ళజోడు సవరించుకుని, "మీ ఇంట్లో పెరడు ఎంతుంటుందయ్యా?" అని అడిగారు.

"పెరడు లేదండీ. మేడ మీద అద్దెకుంటున్నాం."

"మరి మొక్కలు?"

"మెట్ల మీద పెట్టానండీ."

ఆయన కూతురి వైపు చూశారు. సూర్యకళ క్రోటన్లకి నీళ్ళు పెడుతోంది, ఒకే క్రోటన్‌కి చాలాసేపటినుంచి.

ఆగస్టు చివర్లో అసలు చిక్కు వచ్చిపడింది. ఎప్పుడో పెట్టిన అప్లికేషన్‌కి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆర్కిటెక్టు ఆఫీసు నుంచి ఉద్యోగం వచ్చింది. దుర్గాసాయి ఎగిరి గంతేసినంత పనిచేసి, అదే ఊపులో బైకు కడియం తోలాడు. మల్లె అంట్లు కడుతున్న సూర్యకళ ముందు నిలబడి ఊపిరాడకుండా చెప్పాడు. జీతం, పెద్ద పెద్ద బిల్డింగులు, అన్నీ. "మీ నాన్నగారితో మాట్లాడతాను. పెళ్ళి చేసుకుని ఇద్దరం వెళ్ళిపోదాం."

ఆమె చేతిలోని అంటు కొమ్మ కింద పెట్టింది.

"నన్నడిగారా?"

"అదే కదండీ అడుగుతున్నాను."

"అడగలేదు. చెప్పారు." ఆమె గొంతులో కోపం లేదు, తడబాటూ లేదు. "మీరంటే నాకిష్టం. దాచుకోవడానికేముంది? డాక్టరమ్మ గారి గేటు దగ్గర మొదలైంది, చర్చి బురదలో ఖాయమైపోయింది. కానీ నేను హైదరాబాద్ రాను. అమ్మ పోయాక నాన్న ఈ తోట వదిలేస్తానంటే నేనే పట్టుకున్నాను. ఇది నా పని. నాకొచ్చిన సంబంధాల వాళ్ళందరూ మొక్కలదేముంది, పనివాళ్ళు చూసుకుంటారులే అన్నారు. మీరు అనరనుకున్నాను."

"నేనలా అనలేదండీ..."

"వెళ్ళిపోదాం అన్నారు. రెండూ ఒకటే."

దుర్గాసాయి బైకు వెనక్కి తిప్పాడు. తిరిగి వెళ్తుంటే దారి పొడవునా పూలకుండీల మధ్య అదే మాట వినిపించింది. నన్నడిగారా? నిజమే, ఆమె మాట వినకుండా లారీ గడ్డి తెప్పించినట్టే, ఆమె జీవితాన్ని కూడా అడక్కుండా రెండింతలు చేసేద్దామనుకున్నాడు తను.

తనకి నిజంగా ఏం కావాలో తేల్చుకోవడానికి అతనికి వారం పట్టింది. హైదరాబాద్‌లో గీయబోయే బిల్డింగులు ఊహించుకుంటే బాగానే ఉన్నాయి. కానీ గుండె వేగంగా కొట్టుకున్న పని ఏదని అడిగితే, యానాంలో కంకర నేలని చూపిస్తూ ఇక్కడ కుర్చీలు, ఇక్కడ ఊయల అని చెప్పిన ఆ పావుగంటే గుర్తొస్తోంది. శుక్రవారం ఆ లాడ్జి ఓనరే ఫోన్ చేశాడు. ఫ్యామిలీలు దిగుతున్నాయట. వెనకవైపు కూడా తోట గీసి పెట్టమన్నాడు.

ఆదివారం దుర్గాసాయి ఏ మొక్కా కొనలేదు. నేరుగా బంగార్రాజు గారి ముందుకెళ్ళి నిలబడ్డాడు. సూర్యకళ షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది.

"హైదరాబాద్ వాళ్ళకి రానని చెప్పేశానండీ."

"ఎవరి కోసమయ్యా?" అన్నారు బంగార్రాజు గారు.

"నా కోసమేనండీ. మీరు రోజూ లారీల కొద్దీ మొక్కలు పంపిస్తున్నారు. వెళ్ళిన చోట వాటిని ఎవరు ఎక్కడ పాతుతున్నారో ఎవరికీ తెలీదు. కొన్నవాళ్ళకి తోట గీసిచ్చే ఆఫీసు ఈ చుట్టుపక్కల ఒక్కటీ లేదు. కడియంలోనే ఒక గది అద్దెకి తీసుకుని, కంప్యూటర్ పెట్టుకుంటాను. నేను తోట గీస్తాను, మొక్కలు మీ దగ్గర కొంటారు. మొదటి పని యానాం నుంచి వచ్చింది కూడా." ఒక్కసారి ఊపిరి తీసుకున్నాడు. "ఇది నడుస్తుంది. నాకు నమ్మకముంది. మీ అమ్మాయి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నడుపుతాను. ఒప్పుకుంటే మాత్రం పెళ్ళి చేసుకుంటాను."

"కొలత తప్పిన మనిషివి. పిల్లనెలా ఇమ్మంటావు?"

"ఒకసారి తప్పానండీ. తప్పానని ఎవరూ అడక్కముందే చెప్పాను."

"తెలుసులేవయ్యా. నా కూతురు ఆ ముక్క చెప్పీ చెప్పీ నా చెవులు చిల్లులు పడ్డాయి."

"నాన్నా!" అంది సూర్యకళ గుమ్మంలోంచి.

బంగార్రాజు గారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఊళ్ళో ఇల్లరికం అంటారు మరి."

"అననివ్వండి. అనేవాళ్ళ ఇంటి ముందు తోట కూడా నేనే గీస్తాను."

మిగిలింది దుర్గాసాయి తల్లి సంపూర్ణమ్మ గారు. ఆవిడ రాజమండ్రిలో స్కూలు టీచరు. హైదరాబాద్ ఉద్యోగం వదిలి మట్టిలో పడతానన్న కొడుకు మీద మండిపడి, ఆ పిల్లెవరో చూడాల్సిందేనని బస్సెక్కి ఒక్కతే కడియం వచ్చారు. ఎవరికీ తాను ఎవరో చెప్పలేదు. మామూలుగా మొక్కలు కొనే మనిషిలా ఒక సన్నజాజి ఎంచుకున్నారు.

"అది వద్దండీ," అంది సూర్యకళ. "వేరు కుండీకి చుట్టుకుపోయింది. మీ ఇంటికొచ్చాక నెలకి మించి బతకదు. నాలుగు రోజులాగి రండి, మంచిది తీసి పెడతాను."

"అమ్మేస్తే పోయేదానికి వద్దంటావేంటమ్మా?"

"మళ్ళీ మీరు రావాలి కదండీ."

సంపూర్ణమ్మ గారు ఆ పిల్ల మొహం వైపు చాలాసేపు చూశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని చూసిన కళ్ళు అవి. "వస్తానమ్మా," అన్నారు నెమ్మదిగా. "నాలుగు రోజులాగి, పళ్ళూ పూలూ పట్టుకుని, మా వాణ్ణి కూడా తీసుకుని వస్తాను. దుర్గాసాయి వాళ్ళమ్మని నేను."

సూర్యకళ చేతిలో నీళ్ళ గొట్టం జారి ఇద్దరి కాళ్ళూ తడిపేసింది. సంపూర్ణమ్మ గారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నవ్వుతూనే ఉన్నారు.

చెప్పినట్టే వచ్చారు. పెద్దవాళ్ళిద్దరూ షెడ్డులో కూర్చుని ముహూర్తాల గురించి మాట్లాడుకుంటుంటే, సూర్యకళా దుర్గాసాయీ బంతి మడుల పక్కన నడిచారు. ఇంతకాలం దెబ్బలాడటానికి వెతుక్కోనక్కరలేని మాటలు ఇప్పుడు వెతుక్కోవలసి వచ్చింది.

"ఏవండీ..." అన్నాడు దుర్గాసాయి చివరికి.

"ఇంకా ఏవండీ ఏంటి?" అంది సూర్యకళ. ముందుకి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, అతను అక్కడే నిలబడిపోయి ఉండటం చూసి చెయ్యి చాపింది.

"రా, సాయీ. నీ ఆఫీసుకి గది చూశాను. చూపిస్తాను, నచ్చుతుందో లేదో నువ్వే చెప్పు."